అడవిదారుల్లో గైడెడ్ ఎంటీబీ (మౌంటెన్ బైక్) డే టూర్, అద్దె సైకిల్ మీద మొదటిసారి: ఏమేం చూసుకోవాలి?

#1 పచ్చదారి
రోడ్డు సైకిల్ మీద 50, 60 కిలోమీటర్లు తొక్కే అలవాటు ఉంది. ఎంటీబీ మాత్రం కొత్త. ఇప్పుడు గైడ్‌తో ఒక రోజు టూర్‌కి పేరిచ్చాను. మొత్తం 28 కి.మీ., ఎక్కుడు 650 మీటర్లు, చాలావరకు అడవిలో సింగిల్‌ట్రాక్ (ఒక్క సైకిలే పట్టే సన్న బాట), మధ్యలో రెండు వాగులు దాటాలట. సైకిల్ వాళ్లదే: 29 అంగుళాల చక్రాలు, ముందు 120 మి.మీ. దాకా అణిగే ఫోర్క్, వెనక సస్పెన్షన్ లేదు, డిస్క్ బ్రేకులు. నా బరువు 72 కిలోలు. 28 కి.మీ. అంటే రెండు గంటల పని కదా, వాళ్లేమో పొద్దున ఆరున్నర నుంచి మధ్యాహ్నం రెండు దాకా అంటున్నారు. ఎందుకంతసేపు? సైకిల్ చేతికిచ్చాక ఏం చూసుకోవాలి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

#2 మెల్లగాతొక్కు
రోడ్డు లెక్కలు పక్కన పెట్టేయండి. వేర్లు, రాళ్లు, వంపులు ఉన్న సింగిల్‌ట్రాక్‌లో గుంపుగా వెళ్తే, ఆగకుండా తొక్కే సమయంలోనే గంటకు 7 నుంచి 9 కి.మీ. వస్తే గొప్ప. అంటే మూడున్నర గంటలు ఉత్త తొక్కుడే. చీలికల దగ్గర వెనకవాళ్ల కోసం ఆగడం, ఒకటో రెండో పంక్చర్లు, పడిపోయిన చెట్ల మీదుగా సైకిళ్లు ఎత్తి దాటించడం, తిండి, ఇవన్నీ కలిపితే ఏడు గంటలు ఎటు పోయాయో తెలీదు. వాళ్లు నిజమే చెప్తున్నారు. నాలుగు గంటల్లో తిప్పి తెచ్చేస్తాం అనేవాళ్లనే అనుమానించాలి.

ఇంకోటి. దూరంలో సగం ఎక్కుడు అనుకుంటే 14 కి.మీ.కి 650 మీటర్లు, సగటున 4.6 శాతం వాలు. కాగితం మీద తేలికే. కానీ అడవిలో దారి సమంగా ఎక్కదు. మూడొందల మీటర్లు చదునుగా పోయి, ఒక్కసారిగా 15 శాతం వాలుతో లేస్తుంది, అదీ వేర్ల మీదుగా. కాబట్టి 'మొత్తం ఎంత ఎక్కాలి' అని కాదు, 'ఆపకుండా ఎక్కాల్సిన పెద్ద ఎక్కుడు ఎంత పొడవు, దిగి నెట్టాల్సిన చోట్లు ఎన్ని' అని అడగండి.

#3 పచ్చదారి
థాంక్స్. వాళ్లు పంపిన కాగితంలో 'నీలం' స్థాయి అని రాశారు. అదేంటి?

#4 వేరుమీదచక్రం
అంతర్జాతీయ మౌంటెన్ బైసైక్లింగ్ సంఘం (1988లో మొదలైంది, అందరూ ఇంబా అంటారు) పెట్టిన గుర్తులవి. తెల్ల వృత్తం అన్నిటికన్నా తేలిక. ఆకుపచ్చ వృత్తం అంటే బాట వెడల్పు కనీసం 90 సెం.మీ., సగటు వాలు 5 శాతం లోపు. నీలం చతురస్రం అంటే వెడల్పు 60 సెం.మీ., సగటు వాలు 10 శాతం లోపు. నల్ల డైమండ్ అయితే వెడల్పు 30 సెం.మీ.కి పడిపోతుంది, సగటు వాలు 15 శాతం దాకా పోతుంది. రెండు నల్ల డైమండ్ల జోలికి ఇప్పుడు వద్దు.

అయితే ఈ కొలతలు పొడిగా ఉన్న, పని కట్టుకుని తవ్విన బాటలకు. పశువులు, మనుషులు నడిచి నడిచి పడిన అడవి దారికి ఎవరూ కొలిచి గుర్తు పెట్టరు, నిర్వాహకుడు తన అంచనాతో రాస్తాడు. రాత్రి వాన పడిందంటే దాని మీద ఒక మెట్టు కలుపుకోండి. నీలం కాస్తా నలుపయినట్టే.

#5 తోకగైడు
సైకిల్ సంగతికి ముందు నిర్వాహకుల్ని అడగాల్సినవి ఉన్నాయి. ఫోన్‌లోనే తేల్చుకోండి.

గైడ్‌కి ఎంతమంది? ఆరుగురి వరకు ఒకరు సరిపోతారు, అంతకన్నా ఎక్కువైతే తోకన ఇంకొక గైడ్ ఉండి తీరాలి. ముందు ఒక్కడే ఉండి ఎనిమిది మందిని లాక్కెళ్తే, ఆఖరివాడు పడిపోయిన సంగతి తర్వాతి చీలిక దాకా ఎవరికీ తెలీదు.

మధ్యలో బయటపడే దారులు ఎక్కడెక్కడ? జీపు రాగలిగిన చోటు నుంచి ఎక్కువలో ఎక్కువ ఎంత దూరం పోతాం? దీనికి తడుముకోకుండా జవాబు వస్తే అతనికి ఆ దారి తెలుసు.

సిగ్నల్ లేని చోట కబురు ఎలా? శాటిలైట్ మెసెంజర్ ఉందా? వాళ్ల సైకిళ్లకు సరిపోయే స్పేర్ హ్యాంగర్ (వెనక గేర్లు మార్చే డిరైలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే చిన్న ముక్క) గైడ్ సంచిలో ఉందా? ఈ ఆఖరి ప్రశ్న చిన్నదే, కానీ 'హ్యాంగర్ అంటే ఏంటండీ' అన్నారంటే మిగతావి అడగక్కర్లేదు.

#6 అలెన్‌కీ
సైకిల్ ఇచ్చాక పావుగంట అడిగి తీసుకోండి. గుంపంతా బయల్దేరుతున్నారని మొహమాట పడొద్దు. ఈ వరసలో చూడండి.

మొట్టమొదట, ఏ లివర్ ఏ బ్రేకు? కొన్ని దేశాల్లో ముందు బ్రేకు కుడిచేతికి, కొన్నింట్లో ఎడమచేతికి ఉంటుంది. అద్దె సైకిళ్లు ఒకే గుంపులోనే రెండు రకాలుగా ఉండొచ్చు. అలవాటు కొద్దీ వెనక బ్రేకు అనుకుని ముందుది గట్టిగా పట్టారంటే మొదటి దిగుడులోనే హ్యాండిల్ మీదుగా అవతల పడతారు. సైకిల్ ఎక్కకముందే పక్కన నిలబడి ముందుకు నెడుతూ ఒక్కో లివర్ నొక్కి చూడండి. మీ చేతికి తిరగబడినట్టుంటే మార్చమని అడగండి, హైడ్రాలిక్ (గొట్టంలో నూనెతో పనిచేసే బ్రేకు) అయితే అప్పటికప్పుడు కుదరదు. అప్పుడు చదును నేల మీద పది నిమిషాలు ఆగుతూ, పోతూ చేతికి అలవాటు చేయాలి.

లివర్ హ్యాండిల్‌కి తగిలేదాకా లోపలికి వస్తోందంటే లైన్‌లో గాలి చేరింది, లేదా ప్యాడ్లు అరిగాయి. నాలుగైదు సార్లు వరసగా నొక్కితే గట్టిపడి, కాసేపటికి మళ్లీ మెత్తబడితే గాలే. ఆ సైకిల్ వద్దనండి. ప్యాడ్ సంగతి: కాలిపర్ (ప్యాడ్లు ఉండే భాగం) పైనుంచి టార్చ్ వేసి చూస్తే డిస్క్‌కి అటూ ఇటూ కనిపిస్తుంది. వెనకున్న లోహపు రేకు కాకుండా అసలు పదార్థం ఒక మిల్లీమీటరైనా లేకపోతే రోజంతా బురదలో నిలవదు. బ్రేకులు చేసే షిమానో కంపెనీ లెక్కలో 0.5 మి.మీ. దగ్గర మార్చేయాల్సిందే. బురదలో రెజిన్ ప్యాడ్లు సబ్బులా కరుగుతాయి, సింటర్డ్ (లోహపు పొడితో చేసిన) ప్యాడ్లు చప్పుడు చేసినా నిలుస్తాయి.

సీటు ఎత్తు: మడమ పెడల్ మీద పెట్టి పూర్తిగా కిందికి తొక్కితే మోకాలు నిటారుగా రావాలి. అది ఎక్కుడుకి. దిగుడుకి సీటు కనీసం 5 నుంచి 10 సెం.మీ. దించాలి. డ్రాపర్ పోస్ట్ (మీట నొక్కితే దిగే సీట్‌పోస్ట్) ఉంటే బొటనవేలి పని, లేకపోతే క్లాంప్ విప్పాలి. అందుకే ఎక్కుడు ఎత్తుకి సీట్‌పోస్ట్ మీద టేపు ముక్క అంటించుకోండి, మళ్లీ వెతుక్కునే పని ఉండదు.

ముందు బ్రేకు పట్టి సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపండి, హ్యాండిల్ మెడ దగ్గర టక్కుటక్కుమంటే హెడ్‌సెట్ (అక్కడి బేరింగ్) వదులు. చక్రాన్ని పట్టుకుని పక్కకి ఊపితే ఆడకూడదు, ఆడితే హబ్ బేరింగో యాక్సిలో చూడాలి. ముందు చక్రాన్ని కాళ్ల మధ్య పట్టి హ్యాండిల్ తిప్పినా అది జరగకూడదు. ఇవన్నీ కలిపి రెండు నిమిషాలు.

గేర్లు అన్నీ ఒకసారి వేసి చూడండి, ముఖ్యంగా వెనక అన్నిటికన్నా పెద్ద పళ్లచక్రం. చైన్ దాన్ని దాటి స్పోకుల వైపు పడబోతుంటే అక్కడే చెప్పండి.

#7 పచ్చదారి
@అలెన్‌కీ గారూ, బ్రేకు సంగతి అస్సలు తట్టలేదు. టైర్లో గాలి ఎంత ఉండాలి? రోడ్డు సైకిల్‌కి 80 పెడతాను.

#8 బురదబంతి
80 పెడితే బంతిలా ఎగురుతారు 😄 30 పీఎస్‌ఐ పెట్టి మర్చిపోండి, రెండు చక్రాలకీ.

#9 అలెన్‌కీ
@బురదబంతి బ్రో, అంత తేలిగ్గా చెప్పొద్దు. ట్యూబ్ ఉందా లేదా అన్నదే ముందు ప్రశ్న.

ట్యూబ్‌లెస్ అయితే, 29×2.3 లేదా 2.4 టైరు, 72 కిలోల మనిషి, వీపున మూడు కిలోల సంచి: ముందు 21, వెనక 24 పీఎస్‌ఐతో మొదలుపెట్టాలి. తడి వేర్ల మీద పట్టు వచ్చేది ఇక్కడే. టైరు మెత్తగా వేరు చుట్టూ వంగాలి. 30 దగ్గర అది గట్టి చెక్కలా వేరు మీద జారుతుంది.

ట్యూబ్ ఉంటే అంత తగ్గించకూడదు. రాయి అంచుకి కొట్టుకున్నప్పుడు టైరు రిమ్ము దాకా అణిగి, మధ్యలో ట్యూబ్ నలిగి పక్కపక్కన రెండు చీలికలు పడతాయి. పాము కాటు గాట్లలా ఉంటాయి కాబట్టి దాన్ని స్నేక్‌బైట్ అంటారు. ట్యూబ్‌తో ముందు 26, వెనక 29.

#10 బురదబంతి
అద్దె సైకిళ్లలో ఎక్కువ ట్యూబులే ఉంటాయి. కొత్తవాళ్లు రాళ్ల మీద బరువు తగ్గించకుండా ధబీమని పడేస్తారు. పట్టు కాస్త తగ్గినా పర్లేదు, దారిలో ట్యూబ్ మార్చే పని తప్పుతుందనే 30 అన్నాను. పైగా పంపు మీది ముల్లు రెండు మూడు పీఎస్‌ఐ అటూ ఇటూ చూపిస్తుంది. 26 అనుకున్నది నిజానికి 23 అయితే?

#11 అలెన్‌కీ
పంపు సంగతి నిజమే, ఒప్పుకుంటాను. అందుకే అంకె పెట్టాక చేత్తో కూడా చూడాలి. సైకిల్ ఎక్కి నిలబడి ముందు చక్రం మీద బరువంతా వేస్తే టైరు కొద్దిగా ఉబ్బాలి, రిమ్ము నేలకి తగులుతున్నట్టు అనిపించకూడదు. వెనక్కి 30 సరే, ముందుకి 30 మాత్రం తడి దారిలో వద్దు. ముందు చక్రం జారితే పట్టుకోవడానికి ఏమీ మిగలదు. వెనకది జారితే తోక ఊపినట్టే, సర్దుకోవచ్చు.

#12 మెల్లగాతొక్కు
ఫోర్క్ గురించి ఎవరూ అనలేదు. 120 మి.మీ. ఫోర్క్ మీ బరువుకి 20 నుంచి 25 శాతం, అంటే 24 నుంచి 30 మి.మీ. అణగాలి. దీన్నే సాగ్ అంటారు. ఫోర్క్ గొట్టం మీద రబ్బరు రింగు ఉంటే సీల్ దాకా దించి, సంచీ వేసుకుని, పెడళ్ల మీద నిలబడి, ఊగకుండా మెల్లగా దిగి, రింగు ఎంత జరిగిందో కొలవండి. రింగు లేకపోతే జిప్ టై కట్టినా చాలు. ఎక్కువ అణిగితే షాక్ పంపుతో 5 పీఎస్‌ఐ చొప్పున పెంచండి. పంపు ఊడదీసినప్పుడు వచ్చే 'స్స్' పైపులో మిగిలిన గాలిదే, ఫోర్క్‌లోది కాదు. అది విని కంగారుపడి మళ్లీ కొట్టకండి.

లాకవుట్ మీట (ఫోర్క్ అణగకుండా బిగించేది) ఎక్కడుందో చూసుకోండి. తారు రోడ్డు ముక్క మీద మూసి, అడవిలోకి రాగానే తెరవడం మర్చిపోవడం చాలా మామూలు. చేతులు చచ్చిపోతున్నాయని ఎవరైనా అంటే మొదట చూడాల్సింది అదే.

#13 వేరుమీదచక్రం
అడవిలో సైకిల్ని ఆపేసేది రాయి కాదు, బొటనవేలంత కట్టెపుల్ల. ఇది విడిగా చెప్పాలి.

ఆకుల కింద దాగిన పుల్ల ముందు చక్రం కింద పడి ఒక కొస లేస్తుంది. లేచిన కొస వెనక చక్రం స్పోకుల మధ్య దూరుతుంది. చక్రం దాన్ని తిప్పుతూ తెచ్చి డిరైలర్ పంజరానికి కొడుతుంది. మొదట 'టిక్' అని చిన్న చప్పుడు, వెంటనే 'కర్ర్' అని నలుగుడు. ఈ రెండింటి మధ్య సమయం పెడల్ అర చుట్టు తిరిగేంత. ఆ అర చుట్టులో కాళ్లు ఆగితే పుల్ల విరుగుతుంది. తొక్కితే కాలి బలమంతా పోయి డిరైలర్‌ని స్పోకుల్లోకి లాగుతుంది, హ్యాంగర్ విరుగుతుంది. ఏదో తగిలింది కదా అని ఇంకాస్త గట్టిగా తొక్కడమే అందరూ చేసే తప్పు.

కాబట్టి వెనక నుంచి కొత్త చప్పుడు వస్తే: కాళ్లు ఆపు, బ్రేకు వెయ్యి, దిగు. వెనక చక్రం ఎత్తి పెడల్ని వెనక్కి మెల్లగా తిప్పుతూ పుల్లని వచ్చిన దారినే బయటికి లాగాలి. తర్వాత సైకిల్ వెనక కూర్చుని చూడండి. డిరైలర్లోని రెండు చిన్న చక్రాలూ, పైనున్న పళ్లచక్రమూ ఒకే నిలువు గీతలో ఉండాలి. కింది చక్రం స్పోకుల వైపు వంగి ఉంటే హ్యాంగర్ వంగినట్టు. అప్పుడు పెద్ద పళ్లచక్రం వెయ్యొద్దు, పంజరం స్పోకుల్లోకి పోతుంది.

#14 పచ్చదారి
హ్యాంగర్ విరిగితే టూర్ అయిపోయినట్టేనా?

#15 అలెన్‌కీ
స్పేర్ ఉంటే పావుగంట పని. హ్యాంగర్ కావాలనే మెత్తటి అల్యూమినియంతో చేస్తారు, ఫ్రేము విరగకుండా అది విరగాలని. పాత ఫ్రేములకి ఒక్కోదానికి ఒక్కో ఆకారం, అందుకే తోకగైడు గారు ఆ ప్రశ్న అడగమన్నది. 2019లో స్రామ్ కంపెనీ యూడీహెచ్ అనే ఉమ్మడి కొలత తెచ్చాక కొత్త ఫ్రేములకి ఈ బాధ తగ్గింది.

కొద్దిగా వంగితే డిరైలర్ బోల్టులో 5 మి.మీ. అలెన్ కీ దూర్చి, దాన్నే పిడిగా పట్టి మెల్లగా బయటికి లాగొచ్చు. ఒక్కసారే. అటూ ఇటూ వంచితే అల్యూమినియం పగులుతుంది.

విరిగి స్పేర్ లేకపోతే: డిరైలర్ విప్పేసి, చైన్ కట్ చేసి, ముందు పళ్లచక్రానికి సూటిగా ఉన్న మధ్య పళ్లచక్రం మీద బిగుతుగా కలిపితే సింగిల్ స్పీడ్ అవుతుంది. వెనక సస్పెన్షన్ లేని మీ సైకిల్‌కి ఇది పనిచేస్తుంది. ఫుల్ సస్పెన్షన్‌కి పనిచేయదు, ఎందుకంటే వెనక భాగం అణిగినప్పుడల్లా దూరం మారి చైన్ తెగుతుంది లేదా జారుతుంది.

చైన్ కలిపే క్విక్ లింక్ చైన్ స్పీడుకి (వెనక పళ్లచక్రాల సంఖ్యకి) సరిపోవాలి. 12 స్పీడ్ చైన్‌కి 12ది, 11కి 11ది. కలిపాక లింక్‌ని పై వరసలోకి తెచ్చి, వెనక బ్రేకు పట్టి పెడల్ని గట్టిగా నొక్కండి, టక్కున కూర్చుంటుంది.

#16 వేరుమీదచక్రం
ఇప్పుడు తొక్కడం. రోడ్డు నుంచి వచ్చేవాళ్లలో ఒకేరకం తప్పులు కనిపిస్తాయి: సీట్లో కూర్చునే ఉండటం, ముందు చక్రాన్నే చూడటం, నాలుగు వేళ్లతో బ్రేకు పట్టడం.

దిగుడులో లేచి నిలబడాలి. పెడళ్లు రెండూ నేలకి సమాంతరంగా, మడమలు కాస్త కిందికి, మోచేతులు బయటికి, బరువు చేతుల మీద కాక పాదాల మీద. లివర్ మీద ఒక్క చూపుడువేలు చాలు, డిస్క్ బ్రేకుకి అంతకన్నా అక్కర్లేదు. మిగతా వేళ్లు హ్యాండిల్ పట్టుకోవడానికి. చూపు ఐదారు మీటర్లు ముందుకి. పొదని చూస్తే పొదలోకే పోతారు.

తడి వేర్లు. అడ్డంగా ఉన్న వేరుని సూటిగా, లంబంగా దాటాలి. దారి వెంటే ఏటవాలుగా పరుచుకున్న వేరు మీద టైరు కాలు జారినట్టు పక్కకి పోతుంది. దాటకముందే బ్రేకు వేసి వేగం తగ్గించుకుని, వేరు మీద ఉన్నంతసేపు బ్రేకు పూర్తిగా వదిలేయాలి. తొక్కకూడదు, హ్యాండిల్ తిప్పకూడదు. ముందు చక్రం వేరుని తాకేముందు చేతులు తేలిక చేసి, దాటగానే కాళ్లు తేలిక చేస్తే సైకిల్ తనంతట తనే పోతుంది. బెరడు ఊడి తెల్లగా మెరుస్తున్న వేరు అన్నిటికన్నా జారుడు.

ఎక్కుడులో సీటు ముందు అంచున కూర్చుని ఛాతీ కిందికి వంచాలి. నిలబడి తొక్కితే ఎండుటాకుల మీద వెనక చక్రం ఊరికే తిరుగుతుంది. గేరు ఎక్కుడుకి ముందే మార్చాలి. బలంగా తొక్కుతూ మారిస్తే చైన్ తెగేది అప్పుడే.

పొడుగాటి దిగుడులో బ్రేకు అదేపనిగా పట్టి ఉంచొద్దు. డిస్క్ కాగి పట్టు తగ్గుతుంది. గట్టిగా వేసి వదిలి, మళ్లీ వేసి వదలాలి. ఆగాక డిస్క్‌ని తాకొద్దు, కాలుతుంది.

#17 తోకగైడు
వాగుల సంగతి నేను చెప్తాను. గైడ్ ముందు నడిచి దాటి చూడాలి, ఇది ఆయన పని. నీళ్లు చక్రం ఇరుసు కన్నా కిందే ఉండి, అడుగు గులకరాళ్లయితే తొక్కుతూ దాటొచ్చు: తేలికైన గేరు ముందే వేసుకుని, మధ్యలో ఆపకుండా. ఇరుసు దాటి లోతుంటే దిగి, సైకిల్ని నీటివాలు వైపు పెట్టుకుని నడవాలి. ఎగువ వైపు పెట్టుకుంటే ప్రవాహం దాన్ని మీ మోకాళ్ల మీదికి తోస్తుంది. మోకాలు దాటిన ఉరవడి నీటిలోకి దిగొద్దు, గైడ్ పోదామన్నా సరే. ఎగువన వాన పడితే పైన ఎండున్నా వాగు పెరుగుతుంది. నీటి రంగు మారినా, చెత్తా ఆకులూ కొట్టుకొస్తున్నా ఆగాలి.

దాటాక పది సెకన్లు రెండు బ్రేకులూ సుతారంగా నొక్కుతూ తొక్కండి, డిస్క్ ఆరుతుంది. లేకపోతే మొదటి వంపులో లివర్ నొక్కినా బ్రేకు ఆలస్యంగా పట్టుకుంటుంది.

గుంపులో దూరం: దిగుడులో ముందువాడికి మీకు మధ్య కనీసం ఐదు సెకన్లు. దుమ్ములో ఇంకా ఎక్కువ. చీలిక దగ్గర ప్రతివాడూ తన వెనకవాడు కనిపించేదాకా ఆగి, దారి చూపించి కదలాలి. ఈ ఒక్క పద్ధతితో తప్పిపోవడాలు చాలావరకు ఆగిపోతాయి. ఎక్కేవాళ్లకి దిగేవాళ్లు దారి ఇవ్వాలి. నడిచేవాళ్లకీ గుర్రాలకీ సైకిళ్లన్నీ దారి ఇవ్వాలి.

జంతువు కనిపిస్తే గైడ్ చెయ్యెత్తుతాడు. అక్కడే ఆగడం, మాట్లాడకపోవడం, అంతే. సైకిల్ చప్పుడు చేయకుండా వేగంగా వస్తుంది కాబట్టి మలుపులో ఎదురుపడితే జంతువు కూడా మనలాగే ఉలిక్కిపడుతుంది. గుడ్డి మలుపుల దగ్గర గంట కొట్టమనేది అందుకే.

#18 ప్రథమచికిత్స
అడవిలో ఎండ తగలదని నీళ్లు తక్కువ తెచ్చుకుంటారు. నీడే కానీ గాలి ఆడదు, తేమ ఎక్కువ, చెమట ఆరదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది, కారిపోతే కాదు. గంటకు 500 నుంచి 750 మి.లీ. లెక్కన, వీపు సంచిలో 3 లీటర్లు పెట్టుకుని, మధ్యలో నింపుకునే చోటు ఉందా అని గైడ్‌ని అడగండి. ఉత్త నీళ్లే లీటర్ల కొద్దీ తాగినా రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతి, తికమక వస్తాయి. ఒక సీసాలో ఓఆర్ఎస్ కలుపుకోండి. పొట్లం మీద రాసినంత నీటిలోనే కలపాలి, చిక్కగా కలిపితే దాహం ఇంకా పెరుగుతుంది. పొట్లం లేకపోతే లీటరు నీటికి ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, అన్నీ తలగొట్టి. గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం పడాలి, ఆకలి వేసేదాకా ఆగొద్దు.

ఎవరైనా మాట తడబడుతూ, అడిగినదానికి పొంతన లేకుండా జవాబిస్తుంటే, తూలుతుంటే అది మామూలు అలసట కాదు, వడదెబ్బ. ఒళ్లు 40 డిగ్రీలు దాటి ఉండొచ్చు. నీడలో పడుకోబెట్టి, ఒంటి మీద నీళ్లు పోసి విసరాలి. మోసుకెళ్లడం తర్వాత, ముందు చల్లబరచడం.

పాము కరిస్తే కోయడం, పీల్చడం, తాడుతో బిగించడం ఏదీ వద్దు. ఉంగరాలు, వాచీ తీసేసి, కరిచిన కాలో చెయ్యో కదలకుండా కట్టి, టైమ్ రాసుకుని ఆసుపత్రికి. మనిషిని నడిపించకూడదు, తొక్కించడం అసలే వద్దు.

#19 బురదబంతి
జలగలకి ఉప్పు పొట్లం పట్టుకెళ్తే చాలు కదా?

#20 ప్రథమచికిత్స
వద్దు. ఉప్పు చల్లినా, అగ్గిపుల్ల పెట్టినా జలగ కడుపులోది గాయంలోకి కక్కి ఊడుతుంది, చీము పట్టే ప్రమాదం. సన్నగా ఉన్న కొస నోరు. గోరుని చర్మానికి ఆనించి ఆ కొస కిందికి పక్కగా జరిపితే పట్టు వదులుతుంది, తర్వాత లావు కొస. దాని లాలాజలంలోని హిరుడిన్ వల్ల నెత్తురు గడ్డకట్టదు, గంటల తరబడి కారుతుంది. కంగారు అక్కర్లేదు. కడిగి, గుడ్డ పెట్టి కట్టండి.

పిడుదు వేరు. సన్న మొన పట్టుకారుతో చర్మానికి ఆనుకుని పట్టి, మెలిపెట్టకుండా నిదానంగా నేరుగా పైకి లాగాలి. సాయంత్రం స్నానం చేసేటప్పుడు మోకాలి వెనక, గజ్జల్లో, చెవి వెనక చూసుకోండి.

కందిరీగలు లేచాయంటే మాత్రం ఆగి చూడొద్దు, ముందుకే తొక్కాలి. వెనకవాళ్లకి అరిచి చెప్పండి. కదిలించింది మీరైనా కాటు పడేది మూడో నాలుగో మనిషికి.

#21 మెల్లగాతొక్కు
దోమల మందు మీద ఒక మాట. డీట్ ఉన్న మందు (20 నుంచి 30 శాతం) బాగా పనిచేస్తుంది కానీ ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది. చేతులకి రాసుకుని కళ్లద్దాలు పట్టుకుంటే వేలిముద్రలు అద్దంలో అలాగే ఉండిపోతాయి, హ్యాండిల్ గ్రిప్పులు జిగురవుతాయి. పికారిడిన్ ఉన్న మందుకి ఈ గొడవ లేదు. ఏదైనా సన్‌స్క్రీన్ రాసి ఆరాకే.

కళ్లద్దాలు నల్లవి వద్దు, చెట్ల నీడలో వేర్లు కనపడవు. తెల్లవి. వేళ్లు మొత్తం కప్పే గ్లవ్స్. హెల్మెట్ కనుబొమ్మలకి రెండు వేళ్ల పైన కూర్చోవాలి, గడ్డం కింద ఒక్క వేలు దూరాలి. వెనక్కి తోసి పెట్టుకుంటే నుదురు ఖాళీ. లోపలి ఫోమ్‌లో పగులుంటే, ఎంత సన్నదైనా సరే, వేరేది అడగండి.

#22 పచ్చదారి
క్లీట్ బూట్లు (పెడల్‌కి బిగుసుకునేవి) ఉన్నాయి, తెచ్చుకోనా?

#23 వేరుమీదచక్రం
ఈసారికి వద్దు. ఫ్లాట్ పెడళ్లు, అడుగు చదునుగా ఉన్న బూట్లు. రన్నింగ్ షూ మెత్తటి అడుగు పెడల్ పిన్నుల మీద నిలవదు. జారితే పిన్నులు పిక్కని గీస్తాయి, పొడుగు సాక్స్ వేసుకోండి, జలగలకీ పనికొస్తాయి.

#24 పచ్చదారి
అడిగాను. ట్యూబులేనట, టైరు 2.3. స్పేర్ హ్యాంగర్ ఉందట. ముందు ఒకరు, తోకన ఒకరు, మేం ఏడుగురం. నా సంచిలో ఏం పెట్టుకోవాలి?

#25 అలెన్‌కీ
వాళ్లు మంచివాళ్లలా ఉన్నారు. 29 ట్యూబ్ ఒకటి (వాల్వు ఏ రకమో రిమ్ము చూసి), రెండు టైర్ లివర్లు, చిన్న చేతిపంపు, 4, 5, 6 మి.మీ., టీ25 (నక్షత్రం ఆకారపు కీ) ఉన్న మల్టీటూల్, నాలుగు జిప్ టైలు, రెండు మీటర్ల గట్టి టేపు పంపుకే చుట్టి. టైరు నింపే సీవోటూ గ్యాస్ సీసా ఒక్కటే నమ్ముకోవద్దు, తప్పు జరిగితే రెండో అవకాశం ఉండదు.

పంక్చరైతే కొత్త ట్యూబ్ వేసేముందు టైరు లోపల చుట్టూ గుడ్డతో తుడుస్తూ తడమండి. ఒట్టి వేళ్లతో వద్దు, ముల్లు గుచ్చుకుంటుంది. అడవిలో ఒక ముల్లు దొరికితే సంతోషించి ఆపొద్దు, రెండోది ఉంటుంది. ట్యూబ్‌కి ముందు కాస్త గాలి కొట్టి గుండ్రంగా చేసి లోపలికి తోస్తే మెలిక పడదు. ఆఖరి అంచు చేత్తోనే ఎక్కించాలి, వాల్వు దగ్గర ముగిసేలా. టైర్ లివర్‌తో ఎక్కిస్తే కొత్త ట్యూబే చిరుగుతుంది. చక్రం తీసి ఉన్నప్పుడు బ్రేకు లివర్ నొక్కకండి, ప్యాడ్లు కలిసిపోయి డిస్క్ దూరదు. నొక్కేస్తే చదునైన ప్లాస్టిక్ టైర్ లివర్‌తో మెల్లగా ఎడం చేయొచ్చు.

#26 తోకగైడు
వేరే అడవిలో తిరిగిన బూట్లయితే మట్టంతా బ్రష్‌తో రాల్చి కడుక్కుని రండి. బురదలో గింజలు, చెట్లని చంపే బూజు తెగుళ్లు ప్రయాణిస్తాయి. న్యూజిలాండ్‌లో కౌరీ చెట్ల కోసం దారి మొదట్లోనే బూట్లు శుభ్రం చేసే కేంద్రాలు పెట్టింది అందుకే. దారిలో బురదగుంట వస్తే పక్కనుంచి కాదు, మధ్యలోంచే పోవాలి. పక్కనుంచి పోయినకొద్దీ బాట వెడల్పవుతుంది.

#27 పచ్చదారి
ఆఖరి ప్రశ్న. ట్యూబులే అని తేలింది కదా, గాలి 26/29 ఆ, 30/30 ఆ?

#28 బురదబంతి
26/30. అలెన్‌కీ అన్నకి ముందు చక్రం, నాకు వెనక చక్రం 😄

#29 అలెన్‌కీ
సరే, ఒప్పందం. వాళ్ల పంపుతోనే కొట్టించుకుని, చేత్తో నొక్కి ఆ మెత్తదనం గుర్తుపెట్టుకోండి. దారిలో గేజ్ ఉండదు, వాగు దాటాక మళ్లీ నొక్కి చూసుకోవాల్సింది ఆ బొటనవేలితోనే.